బొంత మిషను, మహర్ బాకీ

పాత చీరలతో బొంతలు కుట్టి అమ్మాలని ఒక సోదరి సంకల్పించారు. చట్రం కావాలా, ఏ మిషను మేలు అని మమ్మల్ని అడిగారు. వారానికింతని వడ్డీతో కట్టే అప్పు తెచ్చి అయినా మిషను కొనిస్తానని భర్త అంటున్నారట. ఆమె మనసు మాత్రం అందుకు ఒప్పుకోవడం లేదు.

ముందు చట్రం సంగతి. పాశ్చాత్య దేశాలలో బొంతల కోసం పొడవైన చట్రాలు వాడతారు. వాటిలో బట్ట కదలదు, మిషనే పట్టాల మీద అటూ ఇటూ నడుస్తుంది. అది గదినంతా ఆక్రమించే సరంజామా. మన ఇళ్లకు దాని అవసరం లేదు. శుభ్రమైన నేల మీద పొరలు పరచి, ముడతలు లేకుండా సాగదీసి, జానెడు ఎడంలో కచ్చా కుట్లు వేస్తే చాలు. మన నానమ్మల చట్రం ఆ నేలే.

మిషను విషయంలో మేమూ ఒకప్పుడు పొరబడ్డాము. దుకాణంలో పలుచని గుడ్డ మీద అది వేసిన పూల కుట్లు చూసి మురిసి, తేలికపాటి మిషను ఇంటికి తెచ్చుకున్నాము. నాలుగు పొరలు పెట్టగానే సూది విరిగింది. అందుచేత దుకాణానికి వెళ్లేటప్పుడు మీ బొంత ముక్కనే వెంట తీసుకువెళ్లి, దాని మీదే కుట్టించి చూడండి. పాదం ఎంత ఎత్తుకు లేస్తుందో గమనించండి. సూదికీ కుడివైపు స్తంభానికీ మధ్య సందును కొలవండి. బొంతలో సగాన్ని చుట్టి ఆ సందులోనే దూర్చవలసి ఉంటుంది.

నల్లని ఇనుప కాలిమిషను తిన్నని కుట్టు ఒక్కటే వేస్తుంది. బొంతకు కావలసిందీ అదే. కరెంటు లేకున్నా నడుస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారు దానికే మోటారు బిగించుకోవచ్చు. సూది 16 లేదా 18 నంబరుది వాడి, కుట్టు పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంచి, నడుమ నుంచి అంచులకు కుట్టుకుంటూ రావాలి.

ఇక డబ్బు. ఆ సోదరి సంకోచం న్యాయమైనది. వడ్డీ అప్పుతో ఆరంభమయ్యే జీవనోపాధిని మేము సమర్థించలేము. ధర ముందే ఖరారై, ఆలస్యమైనా పైసా పెరగని వాయిదాలను ధర్మవేత్తలలో అత్యధికులు అనుమతించారు. అటువంటి దుకాణదారు దొరకకపోతే పాత మిషనును బాగుచేయించి వాడుకోవడం మేలు.

భర్త ఒక సంగతి మరువరాదు. భార్య సంపాదన ఆమె సొత్తు. ఆమె సంపాదిస్తున్నా ఇంటి పోషణ బాధ్యత ఆయనదే. హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (ర.అన్హా) స్వహస్తాలతో పనిచేసి, వచ్చినదానిని దానం చేసేవారు. ఆ సోదరి మహర్ ఇంకా బాకీ ఉన్నట్లయితే, ఆమె సమ్మతించిన పక్షంలో, మిషనును ఆ బాకీ కిందనే చెల్లించవచ్చు. అప్పుడు బిల్లు ఆమె పేరుననే రాయించాలి.