వెబ్ సేవల పొత్తు

కర్ణాటక సరిహద్దున నున్న చిలమత్తూరు ప్రాంతమున వానలు తప్పిన యేట కూలిజనము బెంగుళూరు త్రోవ పట్టుట క్రొత్త గాదు. పూర్వము వారు ఊరితోపాటు చౌకదుకాణపు బియ్యమును గూడ విడిచిపోవలసి యుండెను. ఒక రాష్ట్రపు రేషను కార్డు వేరొక రాష్ట్రమున చెల్లుట 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణముల నడుమను, గుజరాతు, మహారాష్ట్రముల నడుమను ఆరంభమయ్యెను. అది 2020 జనవరిలో కర్ణాటకతో గూడ పండ్రెండు రాష్ట్రములకును, 2022 జూనులో అస్సాము చేరుటతో దేశమంతటికిని వ్యాపించెను. దుకాణపు యంత్ర మడిగిన ప్రశ్నను దూరమందలి సర్వరు గ్రహించి బదులు చెప్పుటయే ఇందలి కీలకము. ఆ బదులు తప్పెనా, కూలివాడు వట్టి సంచితో మరలవలసినదే.

ఇట్టి పొత్తునకు వ్రాతపూర్వకమైన యొడంబడిక యుండవలయును. ఎక్స్ఎంఎల్ 1998లోను, సోప్ 1.1 2000లోను వెలువడెను. వ్రాత యొక్కటియే యైనను ఒక్కొక్క కంపెనీ దాని నొక్కొక్క తీరున అన్వయించుకొనెను. ఆ భేదములను బాపుటకై 2002లో డబ్ల్యుఎస్-ఐ యను సంఘ మేర్పడవలసి వచ్చెను. నేడు జేసన్, ఓపెన్ఏపిఐ పద్ధతులు హెచ్చుగా వాడుకలో నున్నను ఆ పాఠము పాతబడలేదు.

కావున ఇట్టి సేవలను నిర్మింపబోవు యువకులకు తగిన అభ్యాసరంగ మవసరము. అడుగువైపును, చెప్పువైపును ఒకే భాషలో, ఒకే యంత్రముమీద వ్రాసికొని తృప్తి పడుట, తన ప్రశ్నకు తానే బదులు చెప్పుకొని పరీక్ష నెగ్గితి ననుకొనుట వంటిది. ఒక యంత్రమున జావాను, వేరొకదాన డాట్ నెట్‌నో పైథాన్‌నో నిలుపవలయును. ఒడంబడికను ముందు వ్రాసి, దానినిబట్టియే ఇరువైపుల పని మొదలిడవలయును. తెలుగు పేర్లు చెడకుండుటకు యుటిఎఫ్-8 రెండు చోట్లను ఉండవలయును. తేదీలు సంవత్సరము, నెల, దినము అను వరుసనే సాగవలయును. గడియారములు కలియవలయును; కలియనిచో కాలముద్ర గల సందేశము తిరస్కృతమగును. పరీక్షకు కల్పిత పట్టికలే గాని ప్రజల అసలు వివరములు వాడరాదు. తప్పు ప్రశ్నలను గూడ పంపి, యంత్రము కారణము చెప్పి నిరాకరించుచున్నదో, ఊరక కూలబడుచున్నదో చూడవలయును.

చిలమత్తూరు పేరే యొక మంచి పరీక్ష. 2022 ఏప్రిల్ 4వ తేదీవరకు ఇది అనంతపురము జిల్లాలోనిది. నాటినుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. ఇంగ్లీషు అక్షరములలో దీనిని వ్రాయు తీరులు పలువిధములు. మనుష్యుడు వీనిని చూచి ఒకే ఊరని యెరుగును. యంత్రము అట్టి ఊరే లేదనును. అందుచే పేరుపై నాధారపడక, కేంద్రప్రభుత్వపు స్థానిక సంస్థల పట్టికయందలి సంకేతసంఖ్యను ఒడంబడికలో చేర్చవలయును.

ఈ రంగమునకు గొప్ప పెట్టుబడి యక్కరలేదు. ఓపెన్ జెడికె, ఎక్లిప్స్, పైథాన్ ఉచితములు. వివృత ప్రమాణములే ప్రభుత్వ కార్యములకు మార్గమని భారతప్రభుత్వము 2010లోనే విధానముగా ప్రకటించెను. హిందూపురము, అనంతపురముల కళాశాలాధికారులు రెండు పాత కంప్యూటరులనైన ఇందుకు కేటాయింతురుగాక. కరవుసీమ బిడ్డలు కట్టిన సేవ, వలసపోయిన తమవారికి పొరుగు రాష్ట్రమున అన్నము పెట్టగలిగిననాడు ఆ చదువు సార్థకమగును.