సెప్టిక్ ట్యాంకు పొంగేదాకా ఆగితే ప్రాణాలకే ముప్పు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పల్లెలలో గత పదేళ్లలో మరుగుదొడ్లు విరివిగా వెలిశాయి. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ పథకం మొదలైన తరువాత ఈ పని ఊపందుకున్నది. దొడ్డి కట్టుకోవడం అలవాటయింది గానీ, దాని వెనుక వున్న ట్యాంకును, ఇంటి ముందు వున్న మురుగుకాలువను చూసుకోవడం ఇంకా అలవాటు కాలేదు. పొంగినప్పుడు చూద్దాంలే అనుకోవడమే రివాజుగా వున్నది. ఈ అశ్రద్ధ దుర్వాసనతోనో, దోమలతోనో పోయేది కాదు. కూలికి వచ్చిన మనిషి ప్రాణం తీసేదాకా పోతుంది.

పుంగనూరు నుంచి కుప్పం వెళ్లే దారిలోని పలమనేరు మండలం మొరం గ్రామంలో 2018 ఫిబ్రవరి 16న ఇదే జరిగింది. ఒక కోళ్ల పరిశ్రమలో మురుగు తొట్టి శుభ్రం చేసే పనిలో ఏడుగురు ఊపిరాడక మరణించారు. దేశం మొత్తం మీద 2019 నుంచి 2023 వరకు ఐదేళ్లలో మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 377 మంది చనిపోయినట్లు కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది.

లోపల ఏముంటుంది?

మూతపెట్టిన ట్యాంకులో మలినం కుళ్లి విషవాయువులు పుడతాయి. వాటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ అతి ప్రమాదకరమైనది. కొద్దిగా వున్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కుకు వాసన పసిగట్టే శక్తే పోతుంది. వాసన లేదు గదా అని దిగినవాడు క్షణాలలో పడిపోతాడు. అతన్ని లాగబోయి రెండోవాడు, వారిద్దరి కోసం మూడోవాడు దిగుతారు. ఒకే చోట ఇందరు చనిపోవడానికి కారణం ఇదే. అగ్గిపుల్ల గీసి చూడడం మరీ ప్రమాదం. లోపలి మీథేన్ వాయువు భగ్గుమంటుంది.

మనిషి ఎందుకు దిగవలసి వస్తున్నది?

ట్యాంకును రెండు మూడేళ్లకొకసారి ఖాళీ చేయించాలని ఇంజనీర్లు చెబుతారు. అప్పటికి అడుగున చేరిన మడ్డి పలుచగానే వుంటుంది. బండి మీది పంపు గొట్టంతో లాగేస్తుంది, మనిషి దిగే పనే లేదు. పది పదిహేనేళ్లు వదిలేస్తే ఆ మడ్డి గట్టిపడుతుంది. దానిలో గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు, పసిపిల్లల డైపర్లు చేరితే గొట్టం పూడుకుపోతుంది. మూత మీద గచ్చు పోసివుంటే గొట్టం దూరే దారీ వుండదు. అప్పుడు పారా ఇచ్చి ఒక పేదవాణ్ణి లోపలికి దించుతారు. అంటే అతన్ని గుంతలోకి దించుతున్నది ఆనాటి అవసరం ఒక్కటే కాదు, ఇంటివారు ఏళ్ల తరబడి వేసిన వాయిదా.

చట్టం ఇంటి యజమానికీ వర్తిస్తుంది

రక్షణ సాధనాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మునిసిపాలిటీ, కాంట్రాక్టరు, ఇంటి యజమాని అన్న తేడా లేదు. మొదటిసారి రెండేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. “వాడే ఒప్పుకొని దిగాడు” అంటే చెల్లదు. ఇటువంటి మరణాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2014 మార్చి 27న తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరు 20న దానిని 30 లక్షలకు పెంచింది. 2014 తీర్పుకు దారితీసిన కేసు నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ పుట్టింది కుప్పానికి పొరుగున, కర్ణాటకలోని కోలారు బంగారు గనుల పట్టణంలోనే. పాకీపని వారి కుటుంబంలో పుట్టిన ఆయనకు 2016లో మెగసెసే అవార్డు లభించింది.

ఇంటివారు చేయవలసినవి

వంటింటి మోరీకి జాలీ వేసి, మెతుకులు, టీ పిప్పి, జిడ్డు ఏ రోజుకారోజు ఎత్తి దిబ్బలో వేయాలి. వాడిన నూనెను మోరీలో పోయరాదు. స్నానాల గదిలోని జాలీలో చేరిన వెంట్రుకలను వారానికొకసారి తీయాలి. నెలకొకసారి చాంబరు మూత తీసి, దూరంగా నిలబడి, నీరు సాఫీగా పోతున్నదో లేదో చూడాలి. అడ్డుంటే పొడవాటి వెదురు బద్దతో పైనుంచే కదిలించాలి. దొడ్డిలో యాసిడ్ తరచుగా పోస్తే మలినాన్ని కరిగించే సూక్ష్మజీవులు చచ్చి, ట్యాంకు త్వరగా నిండుతుంది. ట్యాంకు గాలిగొట్టాన్ని మూయరాదు, దానికి సన్నని జల్లెడ కట్టాలి.

రెండు గుంతల దొడ్డి వున్నవారు ఒక గుంత నిండగానే రెండవదానికి దారి మార్చుకోవాలి. నిండిన గుంతను కనీసం ఏడాదిన్నర కదిలించకుండా వుంచితే అది ఎరువుగా మారుతుంది.

కాలువపై రాతి బండలు పరచినవారు వాటిని కదిలించే వీలుంచాలి. పూడిక తీసి గట్టునే వదిలితే తొలి వానకే తిరిగి కాలువలో పడుతుంది. బండి తెచ్చిన వారిని ఆ మడ్డి ఎక్కడ పోస్తారో అడగాలి. రాత్రిపూట చెరువులోనో, వంకలోనో పోస్తే మన పశువులు తాగేది ఆ నీళ్లే.

పంచాయతీల బాధ్యత

కుప్పంలో 2021 నవంబరులో తొలి మునిసిపల్ ఎన్నికలు జరిగాయి. పంచాయతీ పట్టణమైనంత మాత్రాన కాలువ తనంతట తానే శుభ్రపడదు. మూడు పట్టణాల మునిసిపల్ అధికారులు ట్యాంకరు బండ్ల రేట్లను వార్డులలో, పల్లెలలో బోర్డులపై రాయించాలి. మడ్డి పోయడానికి స్థలం చూపాలి. పది ఇళ్లవారు కలిసి పిలిస్తే బండి ఖర్చూ తగ్గుతుంది. ఆ ఏర్పాటును పంచాయతీలే చేయవచ్చు.

ఇల్లు కట్టేటప్పుడు బండి గొట్టం చేరే దారి, తీసి పెట్టే మూత వుంచుకోవడం పెద్ద ఖర్చేమీ కాదు. మీ ట్యాంకును చివరిసారి ఎప్పుడు తీయించారో జ్ఞాపకం చేసుకోండి. జ్ఞాపకం రాకపోతే, వానలు పడకముందే బండిని పిలవండి. మనిషిని మాత్రం దించకండి.