కొల్లేటి బాటలకు ఎట్టి టైరు తగును?

జూను మాసమున బడి తెఱచిన మొదటి వారమున మన సైకిళ్ల కొట్టము చెంత కొంతసేపు నిలిచి చూచితిని. కొంతకాలము క్రిందట ఆ కొట్టము నిండ నల్లని పెద్ద చక్రముల సైకిళ్లే యుండెడివి. ఇప్పుడు సగమునకు పైగా మౌంటెన్ బైకులు. మందమైన టైర్లు, వాని మీద రేగుపండ్లంతేసి రబ్బరు గుబ్బలు. కనుచూపు మేరలో కొండ యనునది లేని కొల్లేటి సీమకు కొండబండి యెందులకని నవ్వుకొంటిని.

ఆ నవ్వు ఎంతోసేపు నిలువలేదు. ఆ వారముననే లంకగ్రామము నుండి వచ్చు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె రెండు దినములు మొదటి పీరియడు తప్పినది. "టైరు పంచరైంది మాస్టారూ, నడిపించుకొచ్చాను" అనినది. మూడవ దినమున రానేలేదు. నాలుగవ దినమున ఆమె తండ్రి వచ్చి, "ముచ్చటపడిందని ఖరీదైన బండి కొన్నానండీ. వారానికి రెండు పంచర్లు. చీకటిపడ్డాక గట్టు మీద ఒంటరిగా నడిచొస్తోంది. బడి మాన్పించేద్దామంటోంది వాళ్లమ్మ. ట్యూబు లేని టైర్లేవో వచ్చాయంటగా, అవి వేయించమంటారా?" అని యడిగెను. ఒక పిల్ల చదువు ఒక టైరు మీద ఆధారపడి యున్నదని నాకు అప్పుడు బోధపడినది. అందుచేత నీ విషయమును గూర్చి నా యభిప్రాయమును తల్లిదండ్రులందఱకును విన్నవించుచున్నాను.

మొదట మన బాటలను చూడవలెను. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు నీటిని కొల్లేరు పట్టియుంచి ఉప్పుటేరు గుండ సముద్రమునకు విడుచును. దాని చుట్టును ఉన్నది నల్లరేగడి. మన పిల్లలు వచ్చు దారి మూడు విధములు: ఏలూరు చేరువ తారురోడ్డు, చేపల చెరువుల గట్ల మీద కంకర, ఆ మీద ఊరి ముంగిట మన్ను. ఎండకాలమున ఆ మన్ను ఇనుము వలె గట్టిపడి నెఱ్ఱెలు విచ్చును. నాలుగు చినుకులు పడెనా, అదియే జిగురై చక్రమును పట్టుకొనును. గట్ల వెంబడి సర్కారు తుమ్మ, క్రింద పల్లేరుకాయలు, చెరువు తవ్వినచోట నత్తగుల్లలు. ఇట్టి దారికి టైరు నెన్నుట సామాన్యము కాదు.

గాలిటైరు పుట్టినదే గతుకుల కొఱకు. 1845లో థామ్సన్ అను నాతడు దానికి పేటెంటు పొందినను అది వ్యాప్తికి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడగు డన్‌లప్ తన కుమారుని మూడు చక్రముల బండికి గాలి గొట్టములు చుట్టి మరల దానిని కనుగొనెను. కావున గాలి యెంత గట్టిగా నింపిన నంత మంచిదని మన పిల్లలు తలంచుట పొరపాటు.

ఇక్కడ కొంచెము గణితము కావలెను. సైకిలు, పిల్ల, పుస్తకముల సంచి కలిసి 70 కిలోలనుకొందము. వెనుక చక్రము మీద రమారమి 42 కిలోలు పడును. టైరులో చదరపు సెంటీమీటరునకు 3 కిలోల గాలి, అనగా పంపు మీది లెక్కలో ఇంచుమించు 42 పౌండ్లు, ఉన్నయెడల టైరు నేలను 14 చదరపు సెంటీమీటర్ల మేర తాకును. గాలిని 2 కిలోలకు, అనగా 28 పౌండ్లకు తగ్గించిన 21 చదరపు సెంటీమీటర్లు తాకును. నేల మీద పడు ఒత్తిడి టైరులోని గాలి ఒత్తిడికి రమారమి సమానము. మెత్తని మంటిలో తక్కువ గాలి గల చక్రము దిగబడక పోవుటకు కారణ మిదియే. అయితే సన్నని టైరులో గాలి తగ్గించినచో రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్మునకును రాతికిని నడుమ నలిగి జంట రంధ్రములు పడును. వెడల్పు టైరులో ఆ భయము తక్కువ. వెడల్పు టైరు కోరిన పిల్లల పక్షమున నేను ఒప్పుకొనునది ఇంతవఱకే.

గుబ్బలను మాత్రము ఒప్పుకొనను. తారురోడ్డు మీద ప్రతి గుబ్బయు వంగి లేచును. ఆ వంగుట లేచుటలలో పిల్ల కాలిబలము వృథాయగును. ఆ గుంయిమను శబ్దము మగపిల్లలకు సంగీతము కాబోలు. పోనీ, బురదలో నుపకరించునా? దగ్గఱ దగ్గఱగా నున్న గుబ్బల నడుమ రేగడి క్షణములో నిండి టైరు నున్నని దుంగ యగును. ఎత్తుగా, ఎడమెడముగా నుండు గుబ్బలు మంటిని విదల్చగలవు గాని, అట్టివి తారు మీద ఇంకను బరువు.

ఇక ట్యూబు లేని టైరు సంగతి. సైకిళ్లకు ఈ పద్ధతి 1999 నుండి ఒక క్రమముతో వచ్చినది. రిమ్ము రంధ్రములను పట్టీతో మూసి, టైరులో పాలవంటి ద్రవము పోయుదురు. ముల్లు దిగినచోట ఆ పాలు గడ్డకట్టి రంధ్రమును మూయును. వినుట చేత కాదు, నా సొంత సైకిలునకు వేయించి ఒక వానకాలము, ఒక వేసవి నడిపి చెప్పుచున్నాను. తాడేపల్లిగూడెము వైపు పోయి వచ్చిన యొకనాడు మూడు తుమ్మముండ్లు పీకితిని. పాలు చిమ్మి ఆగినవి, గాలి పోలేదు. ఆ సాయంకాలము ఇంటిలో దానినే పొగడుచుంటిని. మే నెల వచ్చునప్పటికి పాలు ఎండి లోపల రబ్బరు ఉండలైనవి. మరల పోయవలసి వచ్చినది. ఆ సీసా ఖరీదు ఒక ట్యూబు ఖరీదు కంటె ఎక్కువ. పిమ్మట గట్టు మీద నత్తగుల్ల టైరు ప్రక్కను కోసినది. పాలన్నియు నా పంట్లాముపై పడినవి. పంచరు కొట్టు పెద్దాయన చూచి, "ఇది మా వల్ల కాదండి" అని, ట్యూబు వేసి పంపెను. ఇల్లు చేరకముందే ఆ ట్యూబును పోయినది. టైరు విప్పి తడవగా ఆఱు ముండ్ల మొనలు లోపల నట్లే యున్నవి!

పైగా మన పిల్లల సైకిళ్లలో హెచ్చు వానికి ఆ పద్ధతికి తగిన రిమ్ములు లేవు. చేతిపంపుతో ఆ టైరు రిమ్మునకు అంటుకొనదు, కంప్రెసరు కావలెను. పట్టణమున నుండి తీరికగా తిరుగువారు వేయించుకొందురు గాక. లంకలో నుండు పిల్లకు, ఊరి పంచరు కొట్టు బాగుచేయలేని వస్తువు వలదు.

కాబట్టి ఆ తండ్రితో నేను చెప్పిన దిది: బండి మార్చవలదు. 26 అంగుళముల చక్రమునకు 1.95 వెడల్పు టైరే యుంచి, గుబ్బలకు బదులు నడుమ నునుపుగాను అంచుల గీతలుగాను ఉండునది, ముల్లు దిగకుండ లోపల దట్టపు పట్టీ గలది కొనవలెను. ట్యూబు ఉండవలెను. గాలి ముందు 30, వెనుక 35 పౌండ్లు చాలును. తమ్ముని వెనుక నెక్కించుకొన్న నాడు ఇంకొక 5. కొనునప్పుడు ఒక జాగ్రత్త. 1.75 అనినను 1¾ అనినను గణితమున నొకటే. టైర్లలో కాదు, ఒకదాని రిమ్మునకు రెండవది పట్టదు. టైరు ప్రక్కను 559 అను అంకె యున్నదా యని చూడవలెను. పెట్రోలు బంకులో గాలి పట్టించుకొను పిల్లలు, కంప్రెసరు గాలి సైకిలు ట్యూబును రెప్పపాటులో పగులగొట్టునని మఱువరాదు.

ఎండలో నిలిపిన గాలి ఉబ్బి ట్యూబు పగులునని పెద్దలందురు. 30 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు వేడెక్కినను 40 పౌండ్ల గాలి రమారమి 45 పౌండ్లే యగును. మంచి ట్యూబు దానికి పగులదు. పగులునది సరిగా గీకక అంటించిన పాత అతుకు.

ఆ బాలిక మరల బడికి వచ్చుచున్నది. దసరా సెలవుల లోపల రెండు పంచర్లు పడినవి. రెండింటిని తానే గట్టు మీద కూర్చుండి వేసికొన్నది. ట్యూబు విప్పుట, నీటిలో ముంచి బుడగ చూచుట, ఉప్పుకాగితముతో గీకి సొల్యూషను ఆఱనిచ్చి అతుకు వేయుట ఆమెకు నేర్పుటకు నాకు పట్టినది ఒక పీరియడు. ఆడపిల్లకు ఆ పని యేల యని ఒక ఉపాధ్యాయ మిత్రుడు నన్ను ప్రశ్నించెను. చీకటి గట్టు మీద ఆమెకు తోడుగా తాము పోవుదురా యని మరల అడిగితిని.

చేతిపనుల తరగతిలో 8వ తరగతి నుండి బాలబాలికల కందఱకు దీనిని నేర్పుటకు అనుమతి యీయవలసినదిగా ప్రధానోపాధ్యాయులవారిని కోరుచున్నాను. కొట్టములో ఒక మంచి పంపును, గాలి కొలుచు మీటరును ఉంచవలెను. పంపునకు గొలుసు తప్పక వేయవలెను; క్రిందటి యేడు ఉంచినది మూడు దినములు నిలువలేదు.