బోధన్ కథ చెప్పేవారికి కూలి దక్కాలి

నిజామాబాద్ మీదుగా బాసర వెళ్లే భక్తుల్లో చాలామంది ఇక్కడ చాయ్ తాగి బస్సెక్కేస్తారు. కందకుర్తి త్రివేణి సంగమంలో మునిగినవాళ్లూ పొద్దుగూకేలోపే తిరుగుముఖం పడతారు. పక్కనే ఉన్న బోధన్‌ గురించి చెప్పగలిగినవాళ్లు లేక కాదు. వాళ్లను పిలిచి, పూటకు ఇంత అని ఇచ్చే ఏర్పాటు లేక. ఊరు తిప్పి చూపించడం మన దగ్గర ఇంకా మర్యాద కిందే లెక్క. అది పని అని ఒప్పుకుంటే ఈ చెరకు సీమలో ఎన్నో ఇళ్లకు నాలుగు రాళ్లు అదనంగా వస్తాయి.

ఇక్కడ చూడటానికేముంది అంటారు. ఒక వరుస ఉంది. అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్ట, దాని కాలువ కింద పెరిగిన చెరకు, ఆ చెరకు కోసం 1937లో శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని దానికి పేరు. 2002లో ఎక్కువ వాటా ప్రైవేటుపరమైంది, 2015 డిసెంబరులో లేఆఫ్ పడింది. ఆనకట్ట దగ్గర బయలుదేరి మూసిన గేటు ముందు ఆగే ఈ దారంతా ఒక్క రోజులో తిప్పవచ్చు.

ఆ కథ చెప్పాల్సింది ఫ్యాక్టరీలో పాకం వండే పాన్‌హౌస్‌లో చేసిన మనిషి. మరుగుతున్న పాకం చుక్కను గాజుపలక మీద రాసి, వెలుతురుకు ఎత్తి పట్టి, గింజ కట్టిందో లేదో కంటితో తేల్చిన చేయి అది. ఆ విద్య ఏ బోర్డు మీదా రాసి లేదు. అలాంటివాళ్లు వయసు మీదపడి ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా గుర్తించిన భూదాన్ పోచంపల్లికి జనం వెళ్లేది మగ్గం కోసం, దాని ముందు కూర్చున్న మనిషి కోసం. బోధన్‌కూ అలాంటి మనుషులున్నారు.

అయితే చెప్పేవారికి నిజాయితీ కావాలి. బోధన్‌లోని దేవల్ మసీదు ఒకనాడు ఆలయం. నక్షత్రాకారపు కట్టడం, చెక్కిన స్తంభాలు ఆ సంగతి చెబుతూనే ఉన్నాయి. తుగ్లక్ కాలంలో అది మసీదైంది. ఈ రెంటిలో ఏదీ దాచకుండా, ఎవరినీ రెచ్చగొట్టకుండా చెప్పడం నేర్చుకుంటేనే వస్తుంది. నిజామాబాద్ ఖిల్లాలోనూ గుడి చూపించి ఊరుకుంటే చాలదు. నిజాం జైలు గోడల మీద దాశరథి బొగ్గుతో కవిత్వం రాసింది అక్కడే.

జిల్లా యంత్రాంగం చేయాల్సింది పెద్దదేమీ కాదు. విశ్రాంత కార్మికులకు, డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లలకు కొన్నాళ్లు శిక్షణ ఇచ్చి, గుర్తింపు కార్డులివ్వాలి. రేటు బస్టాండులో, రైల్వేస్టేషన్లో రాసిపెట్టాలి. దుకాణాల కమీషన్‌తో బతికే పద్ధతి మొదట్లోనే రానివ్వకూడదు. రానిస్తే కూలి పెరగదు, కథ కల్తీ అవుతుంది.

ఈ గైడు పని ఫ్యాక్టరీకి బదులు కాదు. తెరిపించాలన్న రైతుల, కార్మికుల డిమాండు న్యాయమైనది. గైడు పని దొరికింది కదా అని ఆ మాట పక్కన పెట్టడానికి వీల్లేదు. ఇది పై సంపాదన మాత్రమే, అదీ జనం వచ్చే నెలల్లో. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. కందకుర్తికి, బాసరకు లక్షల్లో జనం వస్తారు. ఘాట్లకు, రోడ్లకు వేసే అంచనాల్లో ఈ శిక్షణకూ ఒక పద్దు ఇప్పుడే చేర్చాలి.