సుబ్బారావుగారికి మనం ఇవ్వవలసిన గౌరవం

యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వినని విజ్ఞానశాస్త్ర విద్యార్థి మన కళాశాలలో ఉండకపోవచ్చు. అయితే ఆయన ఏమి కనుగొన్నారని అడిగితే సమాధానం చెప్పగలవారు స్వల్పం. ఆయనకు నోబెల్ బహుమతి రాలేదన్న సంగతి మాత్రం అందరికీ తెలుసు. ఆ ఆవేదన న్యాయమైనదే కావచ్చు. కాని ఒక శాస్త్రజ్ఞుని కృషిని తెలుసుకోకుండా, ఆయనకు దక్కని బహుమతిని గూర్చి విచారించడం శ్రమ లేని గౌరవమని మా అభిప్రాయం.

గుడివాడలో రైలెక్కితే చేరగల భీమవరంలో 1895లో ఆయన జన్మించారు. మూడవ ప్రయత్నంలో గాని మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులు కాలేదు. ఆయన సోదరులు ఇద్దరిని స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి బలిగొన్నది. తిన్న ఆహారంలోని సారాన్ని చిన్నప్రేగు గ్రహించలేకపోవడం ఈ వ్యాధి స్వభావం. విరేచనాలతో, రక్తహీనతతో రోగి నానాటికీ కృశిస్తాడు. ఆనాటి వైద్యం దాని కారణాన్ని ఎరుగదు. మద్రాసులో వైద్యవిద్య ముగించి, అమెరికా వెళ్ళి హార్వర్డులో చేరిన సుబ్బారావుగారి వెంట ఈ దుఃఖం కూడా వెళ్ళింది.

అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ పదార్థాలను గూర్చిన పరిశోధనలు తరువాత వెలువడ్డాయి. 1940లో లెడర్లీ సంస్థలో చేరిన పిమ్మట ఆయన దృష్టి ఫోలిక్ ఆమ్లంపై నిలిచింది. అంతకు పూర్వమే బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్, ఈస్టు సారంలో దానిని నయంచేసే పదార్థమేదో ఉన్నదని గుర్తించారు. 1941లో అమెరికాలో టన్నుల కొద్దీ పాలకూర నుండి దానిని వేరుచేసినవారు, ఆకు అనే అర్థంగల లాటిన్ పదంతో నామకరణం చేశారు. 1945లో సుబ్బారావుగారి బృందం దానిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది ఔషధమైంది. నేడు గర్భిణులకు ఇచ్చే ఎర్రమాత్రలోను, పాఠశాలల్లో వారానికొకసారి ఇచ్చే నీలిమాత్రలోను ఇనుముతోపాటు ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

ఇక కాన్సర్ సంగతి. జీవకణం రెండుగా చీలాలంటే డీఎన్ఏను కొత్తగా నిర్మించుకోవాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం అవసరం. ప్రేగుల లోపొర కొద్ది రోజులకొకసారి కొత్తదవుతుంది, రక్తకణాలు నిత్యం పుడుతుంటాయి. కావున ఫోలిక్ ఆమ్లం కొరవడితే ముందుగా దెబ్బతినేవి ఇవే. కాన్సర్ కణం కూడా విరామం లేకుండా చీలే కణమే. అట్టి కణానికి ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన నకిలీ పదార్థాన్ని అందిస్తే దాని వృద్ధి ఆగుతుంది. సుబ్బారావుగారి బృందం రూపొందించిన అమినోప్టెరిన్ అట్టిదే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని రక్తకాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. దాని సోదరి ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికీ కాన్సర్ చికిత్సలో ఉన్నది. ఈ మందు వాడే రోగులకు నోటిపూత, విరేచనాలు కలగడానికి కారణం కూడా ఇదే. ప్రేగుల లోపొరకు, కాన్సర్ కణానికి కావలసిన ఆహారం ఒక్కటే.

జీర్ణకోశ వ్యాధిని మాన్పిన జ్ఞానమే, తిరగవేస్తే కాన్సర్‌పై ఆయుధమైంది. సొంత ఇంటిలో పుట్టిన ప్రశ్నను ప్రయోగశాల దాకా తీసుకుపోయి, అది ఎటు దారితీస్తే అటు సాగిన ఫలితమిది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో న్యూయార్కులో మరణించిన ఆయన స్వదేశానికి తిరిగి రానేలేదు. ఆయన వదలిన ప్రశ్నలు పుట్టే నేల మాత్రం మన కాళ్ళ క్రిందనే ఉన్నది.

పరీక్షలకు సిద్ధపరిచే చిన్న కళాశాలకు పరిశోధనతో పనేమిటని కొందరు అనవచ్చు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతికి కావలసినవి అమోనియం మాలిబ్డేటు, ఆమ్లం, ఒక క్షయకరణి, ఏర్పడిన నీలిరంగు గాఢతను కొలిచే ఒక వర్ణమాపకం. ఇవి మన శక్తికి మించినవి కావు. అవనిగడ్డ, నాగాయలంక నుండి వచ్చే విద్యార్థి దివిసీమ ఉప్పునేల మట్టిని తేవచ్చు. గుడివాడ విద్యార్థి వరిచేని మట్టిని, బందరు విద్యార్థి కాలువ నీటిని తేవచ్చు. తన ఊరి మట్టిలో భాస్వరమెంతో తానే కొలిచిన విద్యార్థికి శాస్త్రం ఇక పరాయి భాష కాదు. ఉర్దూలో చదివినా, తెలుగులో చదివినా సీసాలోని నీలిరంగు ఒక్కటే.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. రాబోయే జనవరి 12న, సుబ్బారావుగారి జయంతినాడు, చిత్రపటానికి వేసే పూలమాలతోపాటు ఈ ప్రయోగాన్ని కూడా ప్రారంభించండి. విద్యార్థులారా, మీ ఇంటిలో వైద్యునికి అంతుపట్టని జబ్బు, మీ పొలంలో పెద్దలకు అంతుపట్టని తెగులు ఏదైనా ఉంటే ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి. మూడుసార్లు పరీక్ష వ్రాసిన బాలుడు సాధించినది మీకు అసాధ్యమని ఎవరూ చెప్పలేరు. ఆ ప్రశ్నలలో ఒక్కదానిని కొలబద్దతో వెంబడించిన నాడు, సుబ్బారావుగారికి మనం ఇవ్వవలసిన గౌరవం ఇచ్చినవారమవుతాము.