బండిలో టీవీ ఎందుకంటే...

మొన్న ఆగస్టులో కారవాన్ అద్దెకు తీసుకుని రెండు రోజులు వికారాబాద్, తాండూరు తిరిగొచ్చాం. ఈ సంగతి చెప్పగానే మా అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న "ఎంతయింది?" అని. రెండోది "అడవిలోకెళ్ళి కూడా టీవీ చూశారా?" అని. మొదటిదానికి జవాబు చెప్పాను. రెండోదానికి నవ్వి ఊరుకున్నాను గానీ లోపల చురుక్కుమంది. ఇంటికొచ్చి పప్పు కడుగుతూ కూడా అదే ఆలోచించాను. ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

కారవాన్ అంటే మనకు తెలిసింది షూటింగుల్లో హీరోయిన్లు కూర్చునే బండి. మా అత్తమ్మకు అదీ తెలీదు. "కార్వాన్‌కా? గాడ మనోళ్లెవరున్నరు బిడ్డా?" అనడిగింది. హైదరాబాదులో గోల్కొండ పోయే దారిలో ఉండే కార్వాన్ అనుకుంది పాపం. బండి గేటు ముందుకొచ్చాక లోపలికెక్కి పొయ్యి, చిన్న ఫ్రిజ్, పరుపులయ్యే సోఫాలు, గోడకి టీవీ చూసి "ఇల్లే బండెక్కిందా!" అని నోరు తెరిచింది.

అంత ఖర్చు పెట్టింది షోకు కోసం కాదు. అత్తమ్మ పుట్టిల్లు తాండూరు. మామయ్య పోయి మూడేళ్ళయింది, అప్పటినుంచి ఆవిడ ఆ గడప తొక్కలేదు. మోకాళ్ళ నొప్పులు, షుగరు. కారులో గంటసేపు కూర్చోలేదు, దిగితే బాత్రూమ్ ఉండదు. ప్రయాణమంటే మగవాళ్ళకు చూడబోయే ఊరు గుర్తొస్తుంది. మనకు ముందు గుర్తొచ్చేది దారిలో బాత్రూమ్. పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా కూర్చునే ప్రయాణాలు మనలో ఎవరు చేయలేదు చెప్పండి? బాత్రూమ్ ఉన్న బండి అనగానే అత్తమ్మ ఒప్పుకుంది. టీవీ దాంతోపాటు వచ్చింది, అంతే.

ఆ టీవీకి పెడదామని నా హార్డ్ డిస్క్ తీసుకున్నాను. ఒక టెరాబైట్‌ది, అరచేతిలో పడుతుంది. మేము ఒకప్పుడు కొన్న డీవీడీల్లోంచి ఎక్కించుకున్న పాత సినిమాలు అందులో ఉన్నాయి. థియేటర్లో దొంగచాటుగా తీసిన కొత్త సినిమాలు మాత్రం నేను ఎక్కించను. చట్టం భయం ఒకటి, 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి అలా రికార్డు చేసేవాళ్ళకు కనీసం మూడు నెలల జైలు పెట్టారు. అంతకంటే పెద్ద కారణం, ఆ కాపీల్లో ముందు సీటువాడి తలకాయే ఎక్కువ కనబడుతుంది. ఓటీటీలో డౌన్‌లోడ్ చేసినవి ఆ యాప్‌లోనే ఉంటాయి, డిస్క్‌లోకి రావు. కొండ దారుల్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఆన్‌లైన్‌ని నమ్ముకోలేం.

సినిమాలు కాక ఆ డిస్క్‌లో ఇంకోటి ఉంది. మా పెళ్ళి వీడియో. 2002లో తీసిన వీహెచ్‌ఎస్ కేసెట్, తర్వాత ఎవరో డీవీడీ చేసిస్తే దాంట్లోంచి నేను ఎక్కించుకున్నది. మూడు గంటలు. ఆ రోజుల్లో వీడియో తీసేవాళ్ళ సంగతి మీకు తెలుసుగా, జీలకర్రబెల్లం దగ్గర్నుంచి అప్పగింతల దాకా అన్నిటి మీదా సినిమా పాటలు పరిచేస్తారు. మన మనుషుల గొంతులు వినిపించవు. ఆ మూడు గంటల్లో మామయ్య గొంతు ఒక్కచోట వినిపిస్తుంది, భోజనాల దగ్గర, అరనిమిషం. పాట మార్చేటప్పుడు పొరపాటున వదిలేసినట్టున్నారు. మామయ్య గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు. ఫోటోలు బోలెడున్నాయి. ఫోటో మాట్లాడదు కదా.

మొయినాబాద్ దాటి చేవెళ్ళ దారిలో పడ్డాం. రెండువైపులా ఆ మర్రిచెట్లు, ఊడలు, పచ్చగా. పిల్లలు అప్పుడే సినిమా పెట్టమన్నారు. వద్దన్నాను. చెట్లు చూడమని నీతి చెప్పడానికి కాదు. హార్డ్ డిస్క్‌లో పళ్ళేల్లాంటివి నిమిషానికి ఐదువేల చిల్లర చుట్లు తిరుగుతుంటాయి, వాటిని చదివే ముల్లు వెంట్రుకంత ఎడం కూడా లేకుండా పైన తేలుతుంటుంది. గతుకులో అది పళ్ళేనికి తగిలితే ఉన్నదంతా పోయినట్టే. సంచీలో కోడిగుడ్లుంటే ఎలా కూర్చుంటామో అలా ఉండాలి. ఇంకో కారణం డ్రైవరు. కామెడీ సీన్ వస్తే ఆయన చెవులు వెనక్కే ఉంటాయి. అందుకని బండి కదులుతుంటే టీవీ బంద్ అని నా రూలు.

సాయంత్రానికి అనంతగిరి కొండ మీద ఒక రిసార్టు ఆవరణలో బండి ఆపాం. పద్మనాభస్వామి గుడికి వెళ్ళొచ్చాం, మూసీ నది పుట్టింది ఈ కొండల్లోనే అని పిల్లలకు చూపిద్దామంటే వాన మొదలైంది. ఇక తగ్గలేదు. తలుపు తీస్తే కోతులు. లోపల ఐదుగురం.

"ప్రకృతిలో కూడా టీవీయా" అనేవాళ్ళు ఆ రాత్రి మాతో ఉండాల్సింది. టీవీ లేకపోతే మేము అంత్యాక్షరి ఆడుకునేవాళ్ళమా? మీ ఇంట్లో ఏమో గానీ మా ఇంట్లో కాదు. పెద్దది ఇయర్‌ఫోన్లు పెట్టుకునేది. చిన్నోడు ఫోన్‌లో గేమ్. మా ఆయన రీల్స్ చూసి ఒక్కడే నవ్వుకునేవాడు. అత్తమ్మ గోడకేసి చూస్తూ కూర్చునేది. ఇంట్లో రోజూ జరిగేది అదే. ఐదుగురు, నాలుగు తెరలు, అందులో అత్తమ్మకు తెర లేదు. గొడవంతా తెర ఉండటం వల్ల వచ్చింది కాదు, ఎవరిది వాళ్ళకుండటం వల్ల వచ్చింది. గోడ మీద ఒక్కటే ఉంటే కొట్లాడుకుంటారు, బతిమాలుకుంటారు, చివరికి ఒకళ్ళ మాట ఇంకొకళ్ళు వింటారు. మా చిన్నప్పుడు ఆదివారం పొద్దున రామాయణానికి వీధి వీధంతా ఒకళ్ళింట్లో కూర్చునేది. అప్పుడు టీవీ కుటుంబాలను చెడగొడుతోందని ఎవరూ అనలేదు. ఎవరి పీట వాళ్ళు తెచ్చుకున్నారు.

సరే, హార్డ్ డిస్క్ పెట్టాం. టిక్ టిక్ మని చప్పుడు, లైటు వెలిగి ఆరిపోవడం, టీవీలో ఏమీ లేదు. మా ఆయన "పాడైపోయింది" అని తేల్చేశాడు. పాడవలేదు. పాత రకం యూఎస్‌బీ రంధ్రం 500 మిల్లీఆంపియర్ల కరెంటే ఇవ్వాలని లెక్క, డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు అంతకంటే ఎక్కువ అడుగుతుంది. రెండు తలలున్న కేబుల్ తెచ్చుకున్నాను, ఒక తల టీవీకి, ఇంకో తల ఫోన్ ఛార్జర్‌కి. గిర్రున తిరిగింది. నాకివన్నీ ఎలా తెలుసని చిన్నోడు ఆశ్చర్యపోయాడు. నాలుగు రాత్రులు కూర్చుని నేర్చుకున్నాను నాన్నా.

అంతలో మా ఆయన రిమోట్ తీసుకుని ఏదో నొక్కాడు. రికార్డింగ్ బటన్ అనుకుంటా. "ఈ డ్రైవ్‌ని ఫార్మాట్ చేయాలి, ఇందులో ఉన్నవన్నీ పోతాయి, ఓకేనా?" అని తెర మీద ఇంగ్లీషులో అడిగింది. ఆయన బొటనవేలు ఓకే మీదికి పోతోంది. రిమోట్ లాక్కున్నాను. అత్తమ్మ ముందు ఆయన చేతిలోంచి దేన్నైనా లాక్కోవడం ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి. "నీకెందుకే ఇవన్నీ, పిల్లలు చూసుకుంటరు గదా" అన్నాడు. ఆ మాట మీద నాకు చాలా కోపముంది. బీరువా తాళాలు మన దగ్గర, వెండి సామాను లెక్క మన దగ్గర, ఆవకాయ జాడీ ఏ అటక మీదుందో మనకే తెలుసు. పెళ్ళి ఫోటోల ఆల్బమ్ చీరల మధ్య దాచింది మనమే. అదే ఆల్బమ్ డిస్క్‌లోకి మారేసరికి మనకు తెలియనిదైపోయింది, ఎవరు ఓకే నొక్కితే వాళ్ళ దయ. గ్యాస్ రెగ్యులేటర్ బిగించడం నేర్చుకున్నవాళ్ళకు ఇదేమంత కష్టం కాదు.

ముందు "ముత్యాల ముగ్గు" చూశాం. 1975 నాటిది, అత్తమ్మ ఎంచుకుంది. రావు గోపాలరావు మాట్లాడినప్పుడల్లా చిన్నోడు పడీ పడీ నవ్వాడు. తర్వాత అత్తమ్మ అడిగింది, "మీ పెండ్లి పెట్టు బిడ్డా."

బొమ్మ వచ్చింది. శబ్దం రాలేదు.

సినిమాకి వచ్చిన శబ్దం దీనికెందుకు రాలేదో నాకు తర్వాత అర్థమైంది. డీవీడీలోంచి తీసినప్పుడు సినిమాలను మామూలు రకంలోకి మార్చుకున్నాను. పెళ్ళి వీడియోని ముట్టుకోవడానికి భయమేసి ఉన్నదున్నట్టే పెట్టుకున్నాను. దాని శబ్దం డాల్బీ రకం. కొన్ని టీవీల్లో అది విప్పే ఏర్పాటు ఉండదు, బొమ్మ మాత్రం చూపించి ఊరుకుంటాయి. ఇంట్లో కంప్యూటర్లో చూసుకున్నాను గానీ టీవీలో పెట్టి చూడలేదు. అది నా తప్పే.

భోజనాల సీన్ వచ్చింది. తెల్ల ధోతీ కట్టుకుని మామయ్య బంతుల మధ్య నడుస్తున్నాడు. ఎవరివైపో తిరిగి ఏదో అంటున్నాడు. అత్తమ్మ లేచి టీవీ దగ్గరికెళ్ళి నిలబడింది.

"ఏమంటుండు బిడ్డా?"

"పెళ్ళికూతురు తిందా అని అడుగుతున్నారు అత్తమ్మా."

ఆవిడ తలూపింది. "గట్లనడు ఆయన. ఆయన మాట వేరే ఉంటది."

వాన శబ్దం ఒక్కటే వినిపిస్తోంది. మా ఆయన ఇంకోసారి పెడతానన్నాడు. వద్దని పడుకుంది. నాకు నిద్ర పట్టలేదు.

ఎప్పుడో చదివింది ఆ రాత్రి గుర్తొచ్చింది. 1910 ప్రాంతంలో రఘుపతి వెంకయ్య నాయుడు క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొని, డేరాలు వేసి ఊరూరా బొమ్మలు చూపించాడట. అందులో బొమ్మ రీలు మీద, శబ్దం గ్రామఫోన్ ప్లేటు మీద. రెండిటికీ జత కుదిరితేనే ఆట. నూరేళ్ళు దాటినా నేనూ అదే జత కోసం కొట్టుకుంటున్నాను.

మర్నాడు ధారూర్ మీదుగా తాండూరు. నాపరాళ్ళ లారీలు, సిమెంటు లారీలు, వానకు రోడ్డు గుంతలు. డిస్క్‌ని టవల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. అత్తమ్మ తమ్ముడి ఇంటి ముందు బండి ఆగేసరికి వాడకట్టంతా వచ్చేసింది. వదినను పట్టుకుని మరదలి ఏడుపు, కాళ్ళు కడుక్కోవడాలు, జొన్నరొట్టెలు, పప్పు. తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివాను గానీ, అక్కడి పొయ్యి మీద ఉడికింది తింటే ఏ గుర్తింపూ అక్కర్లేదు.

తమ్ముడి మనవడు డిగ్రీ చదువుతున్నాడు. సంగతి చెబితే "అత్తా, టీవీతోని ఏం పని" అని తన ల్యాప్‌టాప్ తెచ్చాడు. డిస్క్ దానికి పెట్టి, ల్యాప్‌టాప్‌కీ టీవీకీ మధ్య ఒక హెచ్‌డీఎంఐ వైరు. శబ్దం విప్పే పని ల్యాప్‌టాప్ చేసుకుంటుంది, టీవీ ఊరికే మోగుతుంది. ఐదు నిమిషాల పని. ఆ వైరు నా సంచీలో ఉంటే ముందు రాత్రే అయిపోయేది.

బండిలో పట్టినంతమంది ఎక్కారు. మిగిలినవాళ్ళు తలుపు దగ్గర, అరుగు మీద. ఇరవై రెండేళ్ళ కిందటి మొహాలు. "అగో మా అమ్మ", "గీ పోరి లగ్గమైంది", "ఈయన పాయె." సగంమంది లేరు. తెరలో అందరూ అన్నం తింటున్నారు.

మామయ్య బంతుల మధ్యకొచ్చాడు. ఈసారి గొంతుతో.

"పెండ్లిపిల్లకు పెట్టిండ్రా? గా పోరి పొద్దుగాల్నుంచి ఏం తినలే!"

అత్తమ్మ చప్పట్లు కొట్టినంత పనిచేసింది. "గిదీ! గిట్లంటడు!" నేను చెప్పింది, ఆయన అన్నది ఒకటే అనుకున్నాను. కాదు. ఆ గొంతులో కాస్త కసురు ఉంది, ఎవరినో కోప్పడుతున్నాడు, నాకోసం. ఆయన బతికున్నన్నాళ్ళూ నేనంటే పెద్దగా ఇష్టం లేదేమో అనుకున్నదాన్ని. ఆ అరనిమిషాన్ని అత్తమ్మ ఎన్నిసార్లు పెట్టించిందో లెక్కలేదు. ఎవరూ విసుక్కోలేదు. మా పెద్దది చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి ఎక్కడ పెట్టిందో తిరుగు ప్రయాణంలో వెతుక్కుంది.

ఇంటికొచ్చాక ఆ వీడియో శబ్దాన్ని మామూలు రకంలోకి మార్చి మూడు కాపీలు చేశాను. అసలుదాన్ని అలాగే ఉంచాను. ఒక పెన్‌డ్రైవ్ తాండూరుకు పంపాను. అందులో నాలుగు జీబీ దాటిన ఫైలు పట్టనంటే, పాత ఎఫ్‌ఏటీ32 పద్ధతి తీసేసి ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చాల్సి వచ్చింది. ఖాళీ పెన్‌డ్రైవ్ కాబట్టి అక్కడ ఓకే నేనే నొక్కాను.

ఆ అరనిమిషాన్ని విడిగా కత్తిరించి అత్తమ్మ ఫోన్‌లో వేసిస్తానని కూడా అన్నాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు కదా అని. వద్దంది.

"ఫోన్ల ఏస్తే చిన్నగైతడు బిడ్డా. టీవీల పెట్టు, అందరం కూసున్నప్పుడు."