నెట్‌వర్క్ ప్రమాణాల సదస్సులు: గ్రామీణ సిగ్నల్‌కు 6 కిలోమీటర్ల కొలమానం

(ప్రత్యేక వ్యాసం)

మొబైల్ నెట్‌వర్క్‌ల సాంకేతిక ప్రమాణాలను రూపొందించే అంతర్జాతీయ సదస్సులు మహానగరాలకు, పెద్ద సంస్థలకు మాత్రమే సంబంధించిన వ్యవహారమనే అభిప్రాయం ఉంది. అయితే టవర్ల మధ్య ఎంత దూరం ఉన్నట్లు భావించి నెట్‌వర్క్ పనితీరును పరీక్షించాలన్న ఒక్క నిబంధన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పరిసర గ్రామాల సిగ్నల్‌పై ప్రభావం చూపగలదని 5జీ ప్రమాణాల అనుభవం తెలియజేస్తోంది. 6జీ నిబంధనలు రూపుదిద్దుకుంటున్న తరుణంలో ఈ అనుభవం పరిశీలించదగినది.

ప్రమాణాలు రూపొందే వేదికలు

మొబైల్ నెట్‌వర్క్ ప్రమాణాలకు రెండు ప్రధాన వేదికలు ఉన్నాయి. ఒక తరం నెట్‌వర్క్ ఎంత సామర్థ్యం చూపాలో, దానిని ఏ పరిస్థితులలో పరీక్షించాలో ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థ అయిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) నిర్దేశిస్తుంది. ఆ సామర్థ్యాన్ని సాధించే సాంకేతిక వివరాలను 1998లో ఏర్పడిన 3జీపీపీ అనే పరిశ్రమ వేదిక రూపొందిస్తుంది. ఇందులో ఏడు ప్రాంతీయ ప్రమాణాల సంస్థలు భాగస్వాములు కాగా, భారత్ తరఫున టీఎస్‌డీఎస్ఐ ప్రాతినిధ్యం వహిస్తోంది.

3జీపీపీ కార్యవర్గాలలో పరికరాల తయారీదారులు, సర్వీసు సంస్థలు, పరిశోధనా సంస్థల ఇంజనీర్లు లిఖితపూర్వక ప్రతిపాదనలు సమర్పిస్తారు. సాధారణంగా ఓటింగు ద్వారా కాక ఏకాభిప్రాయంతోనే నిర్ణయాలు జరుగుతాయి. అందువల్ల సకాలంలో ప్రతిపాదన సమర్పించి, సమావేశంలో దానిని సమర్థించుకోగలిగిన వారి అవసరాలకే ప్రమాణంలో స్థానం లభిస్తుంది.

2024 అక్టోబరులో 3జీపీపీకి చెందిన నెట్‌వర్క్ నిర్మాణ, భద్రతా కార్యవర్గాలు హైదరాబాద్‌లో సమావేశమయ్యాయి. అదే నెల 15 నుంచి 24 వరకు ఐటీయూ ప్రపంచ ప్రమాణాల మహాసభ న్యూఢిల్లీలో జరిగింది. ఆసియా పసిఫిక్ ప్రాంతంలో ఈ మహాసభ జరగడం అదే ప్రథమం. 2025 మార్చి 10, 11 తేదీలలో దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో 3జీపీపీ నిర్వహించిన వర్క్‌షాప్ 6జీ ప్రమాణాల కృషికి నాంది పలికింది.

1,732 మీటర్లా, 6 కిలోమీటర్లా?

ఐటీయూ 2017లో ఖరారు చేసిన 5జీ మూల్యాంకన మార్గదర్శకాలలో గ్రామీణ ప్రాంతానికి రెండు రకాల పరీక్షా పరిస్థితులు ఉన్నాయి. మొదటి రకంలో టవర్ల మధ్య దూరం 1,732 మీటర్లు, వాహన వేగం గంటకు 120 కిలోమీటర్లు. పల్లెల మధ్య వేగంగా సాగే కార్లు ఈ నమూనాకు ఆధారం.

భారతీయ గ్రామం ఇందుకు భిన్నమైనది. జనం ఊళ్లలో గుంపుగా నివసిస్తారు. ఊరికీ ఊరికీ మధ్య పొలాలు ఉంటాయి. ప్రయాణ వేగం తక్కువ. ఆప్టికల్ ఫైబర్ చేరేది గ్రామ పంచాయతీ వరకే. భారత్‌నెట్ పథకం లక్ష్యంగా పెట్టుకున్న సుమారు 2.5 లక్షల పంచాయతీలను దృష్టిలో ఉంచుకొని, పంచాయతీ వద్ద నెలకొల్పిన టవర్ పరిసర ఆవాసాలన్నింటికీ సరిపోవాలని భారత ప్రతినిధులు వాదించారు. ఫలితంగా 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో 6 కిలోమీటర్ల దూరం, గంటకు 30 కిలోమీటర్ల వాహన వేగంతో మరొక పరీక్ష తప్పనిసరిగా చేరింది.

ఈ రెండు అంకెల మధ్య వ్యత్యాసం స్వల్పమైనది కాదు. షడ్భుజాకార అమరిక ప్రకారం లెక్కిస్తే, మొదటి పద్ధతిలో ఒక్కో టవర్ దాదాపు 2.6 చదరపు కిలోమీటర్లకు, రెండవ పద్ధతిలో దాదాపు 31 చదరపు కిలోమీటర్లకు సేవలందించాలి. అంటే విస్తీర్ణం 12 రెట్లు.

సూర్యాపేట జిల్లాకు వర్తింపజేస్తే

2016 అక్టోబరు 11న ఏర్పడిన సూర్యాపేట జిల్లా విస్తీర్ణం సుమారు మూడున్నర వేల చదరపు కిలోమీటర్లు. జిల్లా అంతటినీ 1,732 మీటర్ల దూరంతో కప్పాలంటే సుమారు 1,350 టవర్ స్థానాలు అవసరం. 6 కిలోమీటర్ల దూరంతో అయితే సుమారు 115 చాలు. జిల్లాలో గ్రామ పంచాయతీలు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. మొదటి లెక్కన ఫైబర్ చేరే పంచాయతీల సంఖ్యను మించి టవర్లు కావాలి. రెండవ లెక్కన పంచాయతీలలో కొన్నింటిని ఎంచుకుంటే సరిపోతుంది. గుట్టలు, భవనాలు, వినియోగదారుల సంఖ్యను బట్టి వాస్తవ అవసరం మారుతుంది. అయినప్పటికీ పెట్టుబడి భారం ఏ స్థాయిలో మారుతుందో ఈ లెక్క సూచిస్తుంది.

జాతీయ రహదారి 65పై ఉన్న సూర్యాపేట, కోదాడ పట్టణాలకు గాని, రైస్ మిల్లుల కేంద్రంగా పేరొందిన మిర్యాలగూడకు గాని సిగ్నల్ సమస్య అంతగా ఉండదు. రహదారిని వీడి సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు గ్రామాలకు వెళ్లినప్పుడే టవర్ల దూరం ప్రధానాంశం అవుతుంది. ధాన్యం కొనుగోలు కేంద్రంలో రైతు వివరాల నమోదు, చౌకధరల దుకాణంలో ఈ-పాస్ యంత్రంపై వేలిముద్ర ధ్రువీకరణ వంటి సేవలన్నింటిలో సమాచారం గ్రామం నుంచి బయటకు వెళ్లాలి. టవర్ శక్తిమంతమైనదైనా చేతిలోని పరికరం శక్తి పరిమితం. కనుక దూరం పెరిగే కొద్దీ ముందుగా దెబ్బతినేది పరికరం నుంచి టవర్‌కు వెళ్లే సంకేతమే.

ప్రత్యేక ప్రమాణం, విలీనం

ఈ లోపాన్ని అధిగమించేందుకు ఐఐటీ హైదరాబాద్, చెన్నైలోని సీవిట్, ఐఐటీ మద్రాస్ పరిశోధకుల కృషితో 5జీఐ ప్రమాణం రూపొందింది. పరికరంలోని యాంప్లిఫయర్ తన పూర్తి సామర్థ్యానికి చేరువగా పనిచేసేలా సంకేతాన్ని మలచడం ఇందులోని కీలకాంశం. 2021 ఫిబ్రవరిలో ఐటీయూ దీనిని 5జీ ప్రమాణాలలో ఒకటిగా ప్రచురించింది.

అయితే ఒక్క దేశానికే ప్రత్యేక ప్రమాణం ఉంటే ఫోన్లు, పరికరాల ధర పెరుగుతుందని పరిశ్రమ వర్గాలు అభ్యంతరం తెలిపాయి. చివరకు 5జీఐ అంశాలు 3జీపీపీ 17వ విడుదలలో విలీనమయ్యాయి. మూల్యాంకన దశలోనే చేరిన 6 కిలోమీటర్ల నిబంధన ప్రపంచమంతటికీ వర్తించగా, ఆ తరువాత వచ్చిన ప్రత్యేక ప్రమాణం విలీనం కావలసి వచ్చింది. ప్రమాణాల రంగంలో సమయపాలన ఎంత ముఖ్యమో ఇది విశదం చేస్తోంది.

ప్రమాణం ఒక్కటే గ్రామానికి సిగ్నల్ తేలేదన్నది కూడా గమనార్హం. 2022 వేలంలో 700 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌ను ఒకే ఒక్క సంస్థ పొందింది. దేశంలో 5జీ సేవలు ఎక్కువగా ఆధారపడుతున్న 3.5 గిగాహెర్ట్జ్ పరిసర బ్యాండు పరిధి తక్కువ. సాంకేతిక ప్రమాణం, స్పెక్ట్రమ్, పంచాయతీ వరకు ఫైబర్ అనే మూడూ సమకూరినప్పుడే ఫలితం కనిపిస్తుంది.

6జీ ముంగిట

2023 నవంబరులో ఐటీయూ ఆమోదించిన 6జీ స్థూల విధానంలోని ఆరు వినియోగ రంగాలలో సర్వత్రా అనుసంధానం ఒకటి. ఐటీయూ కాలపట్టిక ప్రకారం కనీస సామర్థ్య నిబంధనలు, మూల్యాంకన పద్ధతులు 2026లో ఖరారు కావాలి. 2027 నుంచి 2029 ఆరంభం వరకు సాంకేతిక ప్రతిపాదనలు స్వీకరించి, 2030 నాటికి ప్రమాణాలను పూర్తి చేయాలన్నది లక్ష్యం.

గ్రామీణ అవసరాన్ని అంకెల రూపంలో నిరూపించడానికి క్షేత్రస్థాయి సమాచారం అవసరం. ఊళ్ల మధ్య దూరాలు, ఫైబర్ చేరిన స్థానాలు, సిగ్నల్ అందని ఆవాసాల వివరాలు జిల్లా యంత్రాంగం వద్ద గాని, దాని సహాయంతో గాని లభించేవే. ఈ మూడు పట్టణ ప్రాంతాల ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు కొలతలు సేకరించి పరిశోధనా సంస్థలకు అందజేయగలిగితే, అవి భారత ప్రతినిధుల వాదనకు బలం చేకూరుస్తాయి. 2017లో 6 కిలోమీటర్ల నిబంధనకు ఆధారమైనది కూడా గ్రామాలు, పంచాయతీల వాస్తవ అమరికే.